జర్మన్ మాటలు కలిసిపోతున్నాయా? ఇంగ్లీషును పక్కన పెట్టి తెలుగుని అడగండి

ప్రశ్న: మేడం, నేను నర్సుని. జర్మనీ వెళ్లాలని ఎనిమిది నెలలుగా జర్మన్ నేర్చుకుంటున్నాను. బీ1 అనే మధ్యస్థాయి పరీక్షకి ఇంకా పది వారాలే ఉంది. వ్యాకరణం ఎలాగో నెట్టుకొస్తున్నాను గానీ, ఒకేలా ఉండే మాటలతో నా వల్ల కావడం లేదు. విసెన్, కెనెన్, వన్, వెన్, అల్స్, లేగెన్, లీగెన్, షోన్, ష్యోన్... వీటన్నిటినీ ఒక నోటుబుక్కులో జంటలు జంటలుగా, పక్కన ఇంగ్లీషు అర్థంతో రాసుకుని రోజూ రాత్రి చదువుతున్నాను. చదివేటప్పుడు అన్నీ వచ్చినట్టే ఉంటాయి. నోరు తెరిస్తే మాత్రం రెండింట్లో తప్పుదే వస్తుంది. నా వయసు 31. ఈ వయసులో నాకిక భాషలు పట్టుబడవేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు? వేటితో మొదలుపెట్టాలి?

సమాధానం: వయసు గురించిన భయం ముందు వదిలెయ్యండి. ఎనిమిది నెలల్లో బీ1 గుమ్మం దాకా వచ్చిన మనిషికి భాష పట్టుబడదని ఎవరూ అనరు. మీ ఉత్తరం చదవగానే నాకు ఆ నోటుబుక్కు మీదే అనుమానం వచ్చింది.

కవల పిల్లల్ని ఒకే రోజు, ఒకే రంగు బట్టల్లో మీకు పరిచయం చేస్తే, ఆ పేర్లు ఏళ్ల తరబడి తారుమారవుతూనే ఉంటాయి. ఒకరితో ముందు బాగా చనువు ఏర్పడి, రెండోవాళ్లు కొన్నాళ్ల తర్వాత కనిపిస్తే ఆ ఇబ్బంది రాదు. మాటలూ అంతే. లేగెన్, లీగెన్ ఒకే గీత మీద పక్కపక్కన రాసి వంద రాత్రులు చదివితే ఆ రెండూ ఇంకా గట్టిగా అతుక్కుంటాయి. పైగా రెంటి పక్కనా ఇంగ్లీషు అర్థం. విసెన్ పక్కన ‘తెలుసు’ అనే అర్థమున్న ‘నో’, కెనెన్ పక్కన కూడా ఆ ‘నో’ అనే కదా రాసుకున్నారు? ఇంగ్లీషుకి అక్కడ ఒక్కటే మాట ఉంది. జర్మన్ చూపించే తేడా ఇంగ్లీషులోంచి వచ్చేసరికి చెరిగిపోతుంది. అదే తెలుగులోంచి నేరుగా వెళ్తే చాలాచోట్ల ఆ తేడా మనకి ముందే తెలిసినదై ఉంటుంది. నేను జర్మన్ చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ బోర్డు మీద ఇంగ్లీషు అర్థాలే రాసేదాన్ని. పిల్లలు అర్థమైందని తలూపేవాళ్లు, పరీక్షలో తారుమారుగా రాసేవాళ్లు. తెలుగులో అడగడం మొదలుపెట్టాకే ఆ తప్పులు తగ్గాయి.

ఒక మాట ముందే చెప్తాను. జర్మన్‌లో ఓ మీద, ఊ మీద రెండు చుక్కలు పెడితే వచ్చే ధ్వనులకి మనకి అక్షరాలు లేవు. వాటిని ఇక్కడ య వత్తుతో రాస్తున్నాను. అక్కడ య పలక్కండి, ఎలా పలకాలో కింద చెప్తాను.

విసెన్, కెనెన్‌తోనే మొదలుపెడదాం. ‘నాకు ఆయన తెలుసు.’ ‘ఆయన ఎక్కడుంటారో నాకు తెలుసు.’ మొదటిదాంట్లో ‘తెలుసు’కి ముందు ఒక మనిషి ఉన్నాడు. అక్కడ కెనెన్. మనిషైనా, ఊరైనా, పుస్తకమైనా పరిచయం ఉందని చెప్పడానికి అదే. రెండోదాంట్లో ‘ఎక్కడుంటారో’ అనే వాక్యం ముక్క ఉంది. అక్కడ విసెన్. ‘తెలుసు’కి ముందు ‘అని’ వచ్చినా, ‘ఎక్కడో’, ‘ఎప్పుడో’, ‘ఎందుకో’ లాంటి ఓకారం వచ్చినా కళ్లు మూసుకుని విసెన్ వాడండి. జవాబు, దారి, పేరు లాంటి కొన్ని నామవాచకాలతో కూడా విసెన్ వస్తుంది గానీ బీ1కి ఈ గుర్తు చాలు.

ఇక్కడ మూడోది ఒకటుంది: క్యొనెన్. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని ‘కెన్’ అని నేర్పుతాయి. మన భాషలో దీనికి అచ్చంగా సరిపోయే మాట ‘వచ్చు’. ‘నాకు జర్మన్ వచ్చు’ అంటాం. ‘మాట్లాడటం’ అనే మాట కూడా అక్కర్లేదు. జర్మన్‌వాళ్లూ అంతే: ఇహ్ కన్ డొయ్చ్. అక్కడితో వాక్యం అయిపోయింది. ఇంగ్లీషులోంచి వెళ్లినవాళ్లు ఆ వాక్యంలో ఇంకో క్రియ కోసం వెతుక్కుంటారు. మీకు ఆ వెతుకులాట లేదు.

ఇప్పుడు వన్, వెన్, అల్స్, ఒప్. ఈ నాలుగింటికీ ఇంగ్లీషులో మామూలుగా వాడేవి ‘వెన్’, ‘ఇఫ్’ అనే రెండే మాటలు. నాలుగింటిని రెండు డబ్బాల్లో కుక్కితే కలగాపులగం కాక ఏమవుతుంది? తెలుగులో చూడండి. ‘ఎప్పుడు వస్తాడో తెలియదు’ అంటే వన్. ‘వస్తాడో రాడో తెలియదు’ అంటే ఒప్. ‘వస్తే చెప్తాను’ అంటే వెన్. ‘ఎప్పుడు’ వినిపిస్తే వన్, ‘వస్తాడో రాడో’ అన్న ఊగిసలాట వినిపిస్తే ఒప్, ‘తే’ వినిపిస్తే వెన్. మనం చిన్నప్పటి నుంచీ వీటిని విడివిడిగానే వాడుతున్నాం.

మిగిలింది ‘వచ్చినప్పుడు’. ఇక్కడ మాత్రం తెలుగు మనకి పూర్తిగా సాయం చెయ్యదు. జరిగిపోయిన సంగతి, ఒక్కసారే జరిగిందైతే అల్స్. జరిగిపోయినదే అయినా మళ్లీ మళ్లీ జరిగిందైతే వెన్. ఇప్పటిది, ముందు జరగబోయేది ఏదైనా వెన్. ‘నేను మొదటిసారి ఆయన్ని చూసినప్పుడు’ అంటే అల్స్. ‘ఆయన వచ్చినప్పుడల్లా’ అంటే వెన్. జరిగిపోయిన సంగతికి ఆ ‘అల్లా’ తగిలించి చూడండి. వాక్యం బాగానే ఉంటే వెన్, పొసగకపోతే అల్స్. ‘నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు’ అనేది మాత్రం ఏళ్ల తరబడి సాగినా జీవితంలో ఒక్కసారే వచ్చే దశ. అందుకే అల్స్ ఇహ్ కింట్ వార్. పరీక్షల్లో ఇది తరచూ అడుగుతారు.

ఇందాక విసెన్ దగ్గర ‘అని’ మాట వచ్చింది కాబట్టి ఇప్పుడు డస్ గురించి. ఒక డస్‌కి చివర ఒకే ఎస్, ఇంకోదానికి రెండు. పలకడంలో ఇసుమంత తేడా లేదు, రాయడంలో జర్మన్‌వాళ్లు కూడా తప్పు చేస్తారు. రెండు ఎస్‌లున్నదే మన ‘అని’. మనం వాక్యం చివర పెడతాం, వాళ్లు ముందు పెడతారు. అది వచ్చాక క్రియ మాత్రం తెలుగులో లాగే చివరికి పోతుంది. ఒక ఎస్ ఉన్నదాని స్థానంలో డీజెస్ (ఇది) గానీ వెల్‌హెస్ (ఏదైతే) గానీ పెట్టినా వాక్యం నిలబడుతుంది. రెండు ఎస్‌లున్నదాని స్థానంలో పెడితే కూలిపోతుంది. పాత పుస్తకాల్లో దీని చివర రెండు ఎస్‌ల బదులు బీటా లాంటి అక్షరం కనిపిస్తే కంగారు పడకండి. 1996 అక్షరక్రమ సంస్కరణకి ముందు అలాగే రాసేవాళ్లు.

మీరు నర్సు కాబట్టి ఇప్పుడు చెప్పేది ఇంకొంచెం జాగ్రత్తగా చదవండి. ఆపరేషన్ అయిన మనిషి మంచం మీద ఉన్నాడు. డాక్టర్ ‘జీ డ్యుర్ఫెన్ నిహ్ట్ అవుఫ్‌ష్టేయెన్’ అన్నారు. అంటే మీరు లేవకూడదు. ‘జీ మ్యుసెన్ నిహ్ట్ అవుఫ్‌ష్టేయెన్’ అంటే లేవక్కర్లేదు, లేస్తే మీ ఇష్టం. మ్యుసెన్ అంటే ఇంగ్లీషులో ‘మస్ట్’ అని నేర్చుకున్నారు. దానికి ‘నాట్’ చేరిస్తే ఇంగ్లీషులో ‘కూడదు’ అవుతుంది. జర్మన్‌లో ‘అక్కర్లేదు’ అవుతుంది. ఒక్క మాట తేడాతో కుట్లు విప్పుకునే పరిస్థితి రావచ్చు. మ్యుసెన్ నిహ్ట్ అంటే అక్కర్లేదు, డ్యుర్ఫెన్ నిహ్ట్ అంటే కూడదు. ఈ రెండూ మన నోట్లో ఎప్పుడూ కలవవు కదా. అక్కడి నుంచి నేరుగా జర్మన్‌కి వెళ్లండి.

వార్డులో రోజూ వినిపించే ఇంకో మాట న్యుహ్టెర్న్. ‘మత్తులో లేని’ అని ఒక అర్థం, ‘పరగడుపున’ అని ఇంకో అర్థం. రక్తపరీక్షకి ముందు ‘జింట్ జీ న్యుహ్టెర్న్?’ అని అడిగితే పరగడుపునే వచ్చారా అని అడుగుతున్నట్టు. మందుల చీటీకీ వంట చేసే పద్ధతికీ కూడా ఒకే మాట, రెత్సెప్ట్.

ఇక ధ్వనులు. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివితీరదు, ఎందుకంటే తెలుగు లిపి చదవడం వచ్చినవాళ్లకి ఇక్కడ దొరికే సుఖం చాలామందికి దొరకదు. ఈ నాలుగు మాటలు పైకి చదవండి: బిటెన్, బీటెన్, బెటెన్, బేటెన్. వేడుకోవడం, ఇవ్వజూపడం, మంచాలు, ప్రార్థించడం. నాలుగూ వేరువేరు మాటలు. ఇ, ఈ, ఎ, ఏ అన్న నాలుగు అచ్చులే వాటిని విడదీస్తున్నాయి. మనం బడిలో మొదటి నెలలోనే నేర్చుకున్న హ్రస్వం, దీర్ఘం ఇవే. ఒఫెన్ అంటే తెరిచి ఉన్నది, ఓఫెన్ అంటే పొయ్యి. ష్టట్ అంటే నగరం, ష్టాట్ అంటే రాజ్యం. వెన్ ఇందాక చూశాం, వేన్ అంటే ఎవరిని. వీటిని మీరు ఇంగ్లీషు స్పెల్లింగులా చూస్తున్నంతకాలం కలిసిపోతాయి. ఒక్కసారి తెలుగులో రాసుకోండి, విడిపోతాయి.

ఏది పొట్టి, ఏది పొడుగు అన్నది స్పెల్లింగే చెప్తుంది. అచ్చు తర్వాత హల్లు రెండుసార్లు వస్తే ఆ అచ్చు హ్రస్వం. అచ్చే రెండుసార్లు వచ్చినా, దాని తర్వాత హెచ్ వచ్చినా, ఐ పక్కన ఈ వచ్చినా దీర్ఘం. అయితే మనవాళ్లు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. రెండు ఎన్‌లు కనిపించగానే ‘కెన్నెన్’ అని ద్విత్వం పలుకుతారు. జర్మన్‌లో ఆ రెండో హల్లు పలకడానికి కాదు, ముందున్న అచ్చుని పొట్టిగా ఉంచమని చెప్పడానికి. అందుకే నేను మొదటి నుంచీ కెనెన్ అనే రాస్తున్నాను.

జెడ్ అక్షరం కూడా మీకు సులువే. ‘చాలు’, ‘చలి’ అనేటప్పుడు వచ్చే చ ఉందే, ‘చిలక’లోది కాదు, అదే జర్మన్ జెడ్. త్సాలెన్ అంటే డబ్బు కట్టడం, త్సేలెన్ అంటే లెక్కపెట్టడం, ఎర్త్సేలెన్ అంటే కథ చెప్పడం. మూడూ ఒకే కుటుంబానివి.

చుక్కల అచ్చులకి మాత్రం అద్దం ముందు నిలబడాలి. పెదవులు ‘ఓ’ అనడానికి గుండ్రంగా పెట్టి, అవి కదలకుండా లోపల ‘ఏ’ అనండి. అదే ష్యోన్‌లో ఉన్న ధ్వని. షోన్ అంటే అప్పుడే, ఇప్పటికే. ష్యోన్ అంటే అందమైన. అలాగే పెదవులు ‘ఊ’కి పెట్టి లోపల ‘ఈ’ అంటే రెండోది వస్తుంది. డ్రుకెన్ అంటే అచ్చు వెయ్యడం, డ్ర్యుకెన్ అంటే నొక్కడం, నెట్టడం. జర్మనీలో తలుపుల మీద రాసి ఉండేది ఈ రెండోదే. రోజుకి రెండు నిమిషాలు చాలు, కానీ అద్దం ఉండాలి. పెదవులు జారిపోవడం చెవికి తెలియదు, కంటికి తెలుస్తుంది. ఇహ్‌లోని హ్ కూడా కాస్త కష్టం: ‘య’ అనే చోట నాలుక ఉంచి గాలి మాత్రమే వదలండి. అది రాకపోతే చర్చి అనే కిర్హె, చెర్రీపండు అనే కిర్షె ఒకటైపోతాయి.

ఇప్పుడు మీ లేగెన్, లీగెన్. తెలుగులో ‘బెట్టు’ తగిలిస్తే చాలు: పడుకో, పడుకోబెట్టు, కూర్చో, కూర్చోబెట్టు, నిలబడు, నిలబెట్టు. జర్మన్‌లో లీగెన్, లేగెన్, జిత్సెన్, జెత్సెన్, ష్టేయెన్, ష్టెలెన్. ‘బెట్టు’ ఉన్న మూడూ బుద్ధిగా, నియమం ప్రకారం నడుస్తాయి: గెలేక్ట్, గెజెత్స్ట్, గెష్టెల్ట్. బెట్టు లేనివి దారి తప్పుతాయి: గెలేగెన్, గెజెసెన్, గెష్టండెన్. బెట్టు ఉన్నవి ‘ఎక్కడికి’ అన్న ప్రశ్నకి జవాబు, కాబట్టి అవుఫ్ డేన్ టిష్ (బల్ల మీదికి). లేనివి ‘ఎక్కడ’కి జవాబు, కాబట్టి అవుఫ్ డేమ్ టిష్ (బల్ల మీద).

చిక్కంతా మనం వస్తువులన్నిటికీ ‘ఉంది’ అనెయ్యడం దగ్గర వస్తుంది. ఇవాళ అన్నం తినే బల్ల ముందు కూర్చుని చూడండి. సీసా నిలబడి ఉంది, ష్టేట్. సరే. ఫోర్కు పడుకుని ఉంది, లీక్ట్. అదీ సరే. కంచం? చూడటానికి చదునుగా పడుకున్నట్టే ఉంటుంది గానీ జర్మన్‌లో అదీ ష్టేట్. దానికి కింద ఆనుకునే అడుగు ఉంది కదా, ఆ అడుగు మీద అది నిలబడిందని వాళ్ల లెక్క. అదే కంచాన్ని బోర్లిస్తే పడుకున్నట్టే. పుస్తకం బల్ల మీద పడుకుంటుంది, అలమరలో నిలబడుతుంది. వారం రోజులు తినేముందు ఇలా ఒక్కో వస్తువునీ పలకరించి తినండి. నోటుబుక్కు వంద రాత్రుల్లో చెయ్యలేనిది ఆ వారం చేస్తుంది. ఇంగ్లీషులో పడుకోవడానికీ అబద్ధమాడటానికీ కూడా ‘లై’ ఒకటే కాబట్టి, అబద్ధమాడటం అనే ల్యూగెన్‌ని ఈ గుంపు దగ్గరికి రానివ్వకండి. దాన్ని విడిగా ఇంకో నెలలో నేర్చుకోండి.

తెలుగు మోసం చేసే చోట్లు కూడా చెప్పాలి. మనకి ‘మీరు’ ఒకటే. పెద్దాయన ఒక్కరే అయినా మీరు, చనువున్న ఇద్దరు చెల్లెళ్లయినా ‘మీరిద్దరూ’. జర్మన్‌లో గౌరవానికి జీ, చనువున్న ఇద్దరు ముగ్గురికి ఈర్. మనవాళ్లు స్నేహితుల గుంపుని కూడా జీ అనేస్తారు. ‘వీళ్లని విడివిడిగా అయితే నువ్వు అంటానా?’ అని అడుగుకోండి. అంటే ఈర్.

రెండో మోసం, మనం తెలుగులో కలిపేసుకున్న ఇంగ్లీషు మాటలు. గిఫ్ట్ అంటే జర్మన్‌లో విషం. ‘ఇవ్వడం’ అన్న అర్థంలోంచే పుట్టింది, పాత అర్థం కట్నం అనే మిట్‌గిఫ్ట్‌లో మాత్రం మిగిలింది. షెఫ్ అంటే పైఅధికారి, రెంటె అంటే పింఛను, వేర్ అంటే ఎవరు, వో అంటే ఎక్కడ. బెకొమెన్ అంటే అవ్వడం అనుకుంటారు, అది అందడం, దొరకడం. ఇహ్ విల్ అంటే నేను చేస్తాను అని కాదు, నాకు చెయ్యాలని ఉంది అని.

మూడోది లింగం, నామవాచకం ముందు డెర్, డీ, డస్ చెప్పేది అదే. మనకి ప్రాణం లేనివాటికి లింగం పట్టింపు లేదు గానీ అక్కడ దాంతో అర్థమే మారిపోతుంది. డెర్ జే అంటే సరస్సు, బోడెన్‌జే అలాంటిది. డీ జే అంటే సముద్రం, నొర్ట్‌జే, ఒస్ట్‌జే అలాంటివి. డెర్ లైటెర్ అంటే నిర్వహించే పెద్ద, డీ లైటెర్ అంటే నిచ్చెన. ఊనిక, అంటే మాటలో ఒక ముక్కని గట్టిగా పలకడం, కూడా మనకి కొత్తే. ఉమ్‌ఫారెన్‌లో ఉమ్ మీద ఊనితే బండితో గుద్ది పడెయ్యడం, ఫా మీద ఊనితే చుట్టు తిరిగి తప్పించుకుపోవడం! ఇలాంటివి నేర్చుకునేటప్పుడు డూడెన్ నిఘంటువులో ఊనే అచ్చు కింద గుర్తు ఉంటుంది, తప్పకుండా చూడండి.

డ్యూటీ వేళల కోసం ఒకటి గుర్తుపెట్టుకోండి: హల్ప్ డ్రై అంటే రెండున్నర, మూడున్నర కాదు. మూడో గంటలో సగం అయిందని వాళ్ల లెక్క. తూర్పు, దక్షిణ ప్రాంతాల్లో ఫిర్టెల్ డ్రై అని కూడా వినిపిస్తుంది, అది రెండుంబావు. ఫోన్‌లో రెండు అనే త్స్వై, మూడు అనే డ్రై కలిసిపోతాయని జర్మన్‌వాళ్లే త్స్వైని త్స్వో అంటారు. జూన్, జూలై నెలలు అనే యూని, యూలిని యూనో, యూలై అంటారు. మీరూ అలాగే అనండి, ఎవరూ తప్పు పట్టరు. పైగా భాష బాగా తెలిసినమనిషి అనుకుంటారు.

మీ పది వారాలకి నా మాట ఇది. ఆ నోటుబుక్కు మూసెయ్యండి. కొత్తదాంట్లో ఒక పేజీకి ఒకే మాట రాయండి. దాని జంట ఇంకో పేజీలో, కనీసం రెండు వారాల తర్వాత. మాట పక్కన ఇంగ్లీషు అర్థం వద్దు. మీరు నిజంగా అనే తెలుగు వాక్యం ఒకటి, దాని కింద జర్మన్ వాక్యం ఒకటి. నామవాచకమైతే డెర్, డీ, డస్ లేకుండా రాయకండి. జంటలో ముందు ఏది రాయాలంటే, రోజూ ఎక్కువ వాడేది. అది నోట్లో తిరిగాకే రెండోది.

మొదటి వారం మ్యుసెన్ నిహ్ట్, రెండు వారాల తర్వాత డ్యుర్ఫెన్ నిహ్ట్. మధ్యలో కెనెన్, తర్వాత వెన్. విసెన్ నాలుగో వారం దాకా ముట్టుకోకండి. అల్స్ అయిదో వారంలో, లీగెన్ ఆరులో, లేగెన్ ఎనిమిదిలో. చివరి రెండు వారాలు కొత్తవేవీ వద్దు, బల్ల, అద్దం చాలు. మొదటి పేజీలో మీరు రాసుకునే తెలుగు వాక్యం కూడా నేనే ఇస్తున్నాను: ‘మీరు లేవక్కర్లేదు, నేనే తెస్తాను.’ దాని కింద జర్మన్ మీరే రాసి, వచ్చే వారం నాకు పంపండి.